గట్టు దిగి నిలబడ్డ పిల్లలు

అత్తయ్య పోయిందన్న కబురు వచ్చేసరికి నేను నందివాడ దగ్గర ఒక ఊళ్ళో, ముఖపరిచయం కూడా లేనివాళ్ళ గడప ముందు నిలబడి ఉన్నాను. చేతిలో మా స్కూలు రంగురంగుల కరపత్రాలున్నాయి. గుడివాడలో నేను ఇంగ్లీషు చెప్పే ప్రైవేటు స్కూలువాళ్ళు ఏటా జూన్‌లో మమ్మల్ని ఇద్దరిద్దరుగా ఊళ్ళ మీదికి పంపుతారు, పిల్లల్ని చేర్పించమని ఇల్లిల్లూ తిరిగి అడగడానికి. ఆ ఇంటావిడ కరపత్రం మీద బస్సు బొమ్మను వేలితో తడుముతూ, "ఈ బస్సు మా సందు మొగదాకా వస్తుందాండీ?" అని అడిగింది. అప్పుడే ఫోను మోగింది. బందరు ఆసుపత్రి నుంచి నాన్న.

"అక్క వెళ్ళిపోయిందమ్మా," అన్నాడు.

నేను ఫోను చెవి దగ్గరే ఉంచుకుని ఆవిడ వైపు తిరిగి, "వస్తుందండీ," అన్నాను. ఆ తర్వాత గడప దిగాను.

అత్తయ్య అంటే నాన్నకి అక్క. ఇది చదివే మీకెవరికీ ఆమె తెలిసి ఉండదు. దివిసీమలో అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు వెళ్తూ, పెద్ద రోడ్డు వదిలి కాలవగట్టు పట్టుకుని లోపలికి వెళ్తే ఒక చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేరి, అక్కడే రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. నాన్న గుడివాడ డిపోలో బస్సు డ్రైవరు, అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరివీ వేళాపాళా లేని డ్యూటీలు కావడంతో మూడో ఏడు వచ్చినప్పటి నుంచి నన్ను అత్తయ్యే పెంచింది.

ఆ చుట్టుపక్కల టీచర్లు చాలామంది బందరులోనో అవనిగడ్డలోనో కాపురముండి బస్సులో వచ్చి వెళ్ళేవారు. అత్తయ్య మాత్రం ఊళ్ళోనే, రైతుల వీధికీ పేటకీ మధ్య రెండు గదుల ఇంట్లో అద్దెకుండేది. పేటలో ఉండేవి కూలి కుటుంబాలు, చాలావరకు మాలాగే చర్చికి వెళ్ళేవాళ్ళు. "బడి గంట నాకు వినబడాలిగా," అనేది, ఊళ్ళోనే ఎందుకున్నారని ఎవరైనా అడిగితే. గంట కొట్టేదీ ఆమే.

ఆమె చేసిన ఒక పని గురించి ముందుగా చెప్పాలి. మధ్యాహ్న భోజనం మొదలైన కొత్తలో రైతుల వీధి పిల్లలు వరండాలో, పేట పిల్లలు చేతిపంపు పక్కన కూర్చుని తినేవారట. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఎవరి చోటు వాళ్ళకి తెలిసినట్టే పోయి కూర్చునేవారు. అత్తయ్య ఉపన్యాసం ఇవ్వలేదు. పిల్లలందరినీ ఎత్తుల ప్రకారం నిలబెట్టి, పొట్టివాళ్ళతో మొదలుపెట్టి పొడుగువాళ్ళతో ముగిసేలా ఒకే బంతిగా కూర్చోబెట్టింది. సాంబారు బకెట్టు మోసే ఆవిడకి నడుము నొప్పి, ఇలాగైతే వంగి వడ్డించడం సులువు అని కారణం చెప్పింది. ఆవిడకి నడుము నొప్పి ఉన్నమాట నిజమే.

రెండో రోజో మూడో రోజో ఒక రైతు వచ్చాడట. "మావాడు ఎవరి పక్కన కూర్చుంటున్నాడండీ?" అని నిలదీశాడట.

"వాడంత ఎత్తున్న పిల్లాడి పక్కనండీ," అందట అత్తయ్య.

ఏ పిల్లాడని ఆయనా అడగలేదు, ఈమె కూడా చెప్పలేదు. ఆ బంతి అలాగే నిలిచింది. "ముందు కూర్చోనివ్వాలి. కూర్చోవడమే సగం చదువు," అనేది. చిన్నప్పుడు ఆ మాటకి అల్లరి చెయ్యొద్దనే అర్థం అనుకునేదాన్ని.

నేను మాత్రం ఆ బంతిలో కూర్చోలేదు. అత్తయ్య నన్ను అవనిగడ్డలో కాన్వెంటులో వేసింది.

కాన్వెంటు బస్సు అంతకు ముందు పెద్ద రోడ్డు మీదుగానే వెళ్ళిపోయేది. బడికి గంట కొట్టాల్సిన వేళకే నేను బస్సెక్కాలి. నన్ను రోడ్డు దాకా దింపి వచ్చేసరికి ఆమె బడికి ఆలస్యమవుతుంది. అందుకని వెళ్ళి సిస్టర్లను అడిగింది. సాటి టీచరన్న గౌరవంతో వాళ్ళు సరేనన్నారు. అలా బస్సు గట్టు మీదికి తిరిగింది. నా ఒక్కదాని కోసం. మొదటి ఏడాదంతా మా ఊళ్ళో ఆ బస్సెక్కింది నేనే. ఊరి పిల్లలు నన్ను పేరు పెట్టి పిలవలేదు, బస్సు పిల్ల అన్నారు.

మరుసటి ఏడాది రైతుల వీధిలో కొందరు ఎక్కారు. ఆపై ఏడు ఇంకొందరు. అత్తయ్య వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, మన బడి మానిపించొద్దని అడిగింది. ఒకసారి నన్నూ వెంట తీసుకెళ్ళింది, ఇంట్లో ఒంటరిగా వదల్లేక. ధాన్యం బస్తాల మీద కూర్చున్న ఒకాయన ఆమె చెప్పిందంతా మర్యాదగా విని నవ్వాడు.

"టీచరుగారూ, మీరు ఏమనుకోనంటే ఒక మాట. హోటలు ఓనరు పక్క హోటల్లో టిఫిను చేస్తుంటే, మేమెక్కడ తినాలండీ?"

ఇంట్లో వాళ్ళంతా నవ్వారు. అత్తయ్య కూడా నవ్వింది. "అదీ నిజమేనండీ," అంది. ఆయన భార్య నాకు జంతిక ఇచ్చింది. తింటూ ఇంటికి వచ్చాను.  దారంతా అత్తయ్య నా చెయ్యి వదల్లేదు.

ఏటా బళ్ళు తెరిచిన వారంలో ఆమె తన పిల్లలతో ఊరేగింపు తీసేది. కంచాల మీద గరిటెలతో వాయిస్తూ, "మన ఊరి బడి, మనందరి బడి" అని అరుస్తూ, పిల్లలు గట్టు మీదుగా ఊరంతా తిరిగేవారు. ఆ గట్టు మీదికి బస్సు వస్తే పక్కన సైకిలుకి కూడా చోటుండదు. నేను మూడో తరగతిలో ఉండగా ఒక ఉదయం మా బస్సూ ఆ ఊరేగింపూ ఎదురుపడ్డాయి. బస్సు హారను కొట్టింది. కంచాల మోత ఆగిపోయింది.

"దిగండి, దిగండి, గట్టు దిగండి," అంటోంది అత్తయ్య. పిల్లలు ఒకరి వెనక ఒకరు గట్టు వాలులోకి, తడి గడ్డిలోకి దిగి నిలబడ్డారు. జారితే కింద కాలవ. ఆమె వాళ్ళ ముందు నిలబడి కుడి చెయ్యి బారుగా చాచింది, ఎవరూ బస్సు వైపు రాకుండా. డ్రైవరు తల బయటికి పెట్టి, "నమస్తే టీచరమ్మగారూ," అన్నాడు. ఆమె తల ఊపింది. నేను కిటికీ పక్కనే ఉన్నాను. నా కిటికీ అద్దానికీ ఆమె చేతికీ మధ్య జానెడు కూడా లేదు. ఆమె నన్ను చూడలేదు.

సాయంత్రం అడిగాను. "పొద్దున నన్ను చూడలేదేం అత్తయ్యా?"

"నేను చూస్తే వాళ్ళూ చూస్తారు," అంది.

ఆ బడిలో నా ఈడుది కరుణ అని పేట పిల్ల ఉండేది. కాన్వెంటుకి సెలవై బడికి సెలవు లేని ఒక రోజున అత్తయ్య నన్ను తనతో తీసుకెళ్ళింది. మధ్యాహ్నం బంతిలో నన్నూ ఎత్తు చూసే కూర్చోబెట్టింది. నేనూ కరుణా ఒకే ఎత్తు. కంచంలో గుడ్డు పడగానే కరుణ తన గుడ్డులో పచ్చసొన తీసి నా కంచంలో వేసి, నా తెల్లసొన లాక్కుంది. అడగలేదు. "నాకు పచ్చది మింగుడు పడదు. మీ బళ్ళో గుడ్డు పెడతారా?" అంది. పెట్టరన్నాను. "మరింత దూరం ఎందుకెళ్తున్నావే?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొన్ని జవాబులున్నాయి గానీ అవేవీ కరుణకి చెప్పదగ్గవి కావు.

మేము ఐదుకొచ్చేసరికి రైతుల వీధి నుంచి ఆ బడికి వచ్చేవాళ్ళు దాదాపు లేరు. ఊళ్ళో దాన్ని పేట బడి అనడం మొదలుపెట్టారు. మధ్యలో వచ్చిన ఇంకో టీచరుని పిల్లలు తగ్గారని మళ్ళీ వేరే ఊరికి మార్చారు. అత్తయ్య మధ్యాహ్నం పూట అలవాటు తప్పకుండా ఎత్తుల ప్రకారమే కూర్చోబెడుతూ వచ్చింది. ఆ బంతిలో ఇక వేరుగా మిగిలినవి ఎత్తులే.

ఒక శనివారం సాయంత్రం కరుణ వాళ్ళమ్మ నాగమణి మా ఇంటికి వచ్చింది. నాట్ల నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళకి బురద ఆరలేదు. అరుగు అంచున కూర్చుంది. అత్తయ్య నా తెల్ల కాన్వాసు బూట్లకి సుద్దముక్క రుద్దుతోంది. శనివారం ఆ పని ఆమెదే. నేను చేస్తానంటే, "నువ్వు రుద్దితే పొడి రాలుతుంది," అనేది.

"ఒకటి అడుగుతాను, కోప్పడకూడదు," అంది నాగమణి.

"నీ మీద కోప్పడి ఎక్కడికి పోను? అడుగు."

"మీ పాపని మన బళ్ళో ఎందుకెయ్యలేదండీ?"

లోపల గదిలో నేను లెక్కలు చేసుకుంటున్నాను. పెన్సిలు ఆపేశాను.

అత్తయ్య సుద్ద రుద్దడం ఆపలేదు. "భయమేసింది నాగమణీ," అంది. "ఐదు తరగతులు. అప్పుడూ నేనొక్కదాన్నే. ఒక తరగతికి చెబుతుంటే నాలుగు తరగతులు గోడకేసి చూస్తూ కూర్చుంటాయి. నా తమ్ముడు నమ్మి అప్పగించిన పిల్ల. దాన్ని గోడకేసి చూస్తూ కూర్చోబెట్టడానికి నాకు భయమేసింది."

"మరి మాకుండదాండీ భయం?"

నాగమణి పోట్లాటగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. అత్తయ్య రెండో బూటు చేతిలోకి తీసుకుంది. నాగమణే మళ్ళీ అంది.

"మీకు బస్సుంది. మాకు మీరున్నారు. మీరే భయపడితే ఎట్టాగండీ?"

 నాగమణి లేచి వెళ్ళేటప్పుడు అత్తయ్య, "రేపట్నుంచి సాయంత్రాలు కరుణని ఇక్కడికి పంపు. మిగతావాళ్ళకీ చెప్పు," అంది. అప్పటి నుంచి మా అరుగు మీద సాయంత్రం బడి నడిచింది. బడిలో గోడకేసి చూసిన గంటలన్నీ అక్కడ తిరిగి ఇవ్వాలన్నట్టు చెప్పేది. గొంతు పోయేది. మిరియాల పాలు తాగి మళ్ళీ కూర్చునేది. నేను లోపల నా హోంవర్కు చేసుకునేదాన్ని. అరుగు మీదికి వెళ్ళి వాళ్ళతో కూర్చోమని ఆమె నన్ను అడగలేదు. నాకై నేను వెళ్ళలేదు. సిగ్గు. బిడియమని అందరూ మన్నించేవారు. అదొక్కటే కాదని నాకు తెలుసు. అరుగుకీ గదికీ మధ్య ఒక గడపే ఉంది. దాని ఇటువైపు హాయిగా ఉండేది.

ఆ గదిలోనే ఒక రేకు పెట్టె ఉండేది. బడి లైబ్రరీ పుస్తకాలవి. బడి కప్పు కారుతుందని అత్తయ్య వాటిని ఇంటికి తెచ్చి, శుక్రవారం శుక్రవారం పిల్లలకి పంచి, సోమవారం వెనక్కి తీసుకునేది. ఆ మిగతా రోజులన్నీ అవి నావి. ఇవాళ నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే కాన్వెంటులో నేర్చిన ఇంగ్లీషు వల్ల కాదు, ఆ పెట్టె వల్ల. ఆ బడికి వచ్చిన పుస్తకాల్ని అందరికంటే ఎక్కువగా చదివింది ఆ బడిలో చదవని పిల్లే.

కరుణ పదో తరగతి పాసైంది. ఇంటరులో చేరి మధ్యలో మానేసింది. పెళ్ళైంది. ఇప్పుడు అదే బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. నేను ఎప్పుడు వెళ్ళినా, "ఏమే బస్సు పిల్లా, ఎప్పుడొచ్చావ్?" అంటుంది. ఆ పిలుపులో ఎత్తిపొడుపు ఉందో లేదో కనుక్కోవడానికి ఆమె ముఖంలోకి చూస్తాను. లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

అత్తయ్య రిటైరైన కొన్నాళ్ళకి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూల్లో కలిపేశారు. హైస్కూలు గట్టు చివర, పెద్ద రోడ్డు దగ్గర. ఒకటీ రెండూ మాత్రమే ఊళ్ళో మిగిలాయి. ఎనిమిదేళ్ళ పిల్లలు వానాకాలంలో ఆ గట్టు మీద నడిచి వెళ్ళాలి. కొన్ని ఇళ్ళవాళ్ళు ఆడపిల్లల్ని పంపడం మానేశారు. "నేను తీసుకెళ్తాను, పంపండి," అని అత్తయ్య పేటలో ఇల్లిల్లూ తిరిగింది. రోజూ పొద్దున గొడుగు పట్టుకుని వాళ్ళతో నడిచి వెళ్ళి, హైస్కూలు గేటు దగ్గర వదిలి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చేది. మోకాళ్ళ నొప్పులు. నాన్న కోప్పడ్డాడు. "రిటైరయ్యావక్కా, ఇంకా నీకెందుకే?" అన్నాడు. "పదవే రిటైరైందిరా, గట్టు అలాగే ఉందిగా," అంది.

ఈలోగా నేను గుడివాడలో ఉద్యోగంలో చేరాను. మొదటిసారి కరపత్రాలు పట్టుకుని ఊళ్ళు తిరిగొచ్చి, ఆ ఆదివారం ఆమెకి చెప్పాను. చెప్పకుండా ఉందామనే అనుకున్నాను.

"నువ్వూ ఇల్లిల్లూ తిరుగుతున్నావా!" అని నవ్వింది. "పర్లేదు, మన ఇంటి పనే చేస్తున్నావ్. మరి నీకు ఇస్తున్నారా పిల్లల్ని?"

"ఇస్తున్నారత్తయ్యా."

"నాకు ఇచ్చేవాళ్ళు కాదే," అంది. ఇంకా నవ్వుతూనే ఉంది.

కొంచెం ఆగి అడిగింది. "ఆ ఊళ్ళల్లో బళ్ళు ఎట్లా ఉన్నాయి?"

"చూళ్ళేదు."

"ఈసారి వెళ్ళినప్పుడు చూడు. లోపలికెళ్ళి టీచర్ని పలకరించు. ఒక్కతే ఉంటుంది పాపం. ఎవరూ పలకరించరు."

అలాగేనన్నాను. ఆపై జూన్‌లోనూ వెళ్ళాను, ఈ జూన్‌లోనూ వెళ్ళాను. నాన్న ఫోను వచ్చిన రోజున, ఆ గడప దిగి బస్టాపుకి నడుస్తూ ఆ ఊరి బడి ముందు నుంచే వచ్చాను. తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరో ఎక్కం చెప్పిస్తున్నారు. పిల్లల గొంతులు పలచగా ఉన్నాయి. అప్పుడైనా ఆగవలసింది. బందరు బస్సు వెళ్ళిపోతుందని ఆగలేదు.

ఆసుపత్రిలో ఆమె పాదాలు చూశాను. మడమల పగుళ్ళలో గట్టు మట్టి ఇంకా ఉంది. నర్సు తుడిచినా పోలేదంది. అమ్మ తడిగుడ్డ తీసుకుంది. నాన్న వద్దన్నాడు.

మధ్యాహ్నం వ్యానులో బయల్దేరాం. చల్లపల్లి, మోపిదేవి, వారధి, అవనిగడ్డ. ఆమె నెలకోసారి జీతం పనుల మీద వచ్చి వెళ్ళిన దారి అదే. అవనిగడ్డ దాటాక చినుకులు మొదలయ్యాయి. నాన్న ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక అత్తయ్యని ఉంచిన పెట్టెకి ఒక వైపు అమ్మ, కిటికీ వైపు నేను. పెద్ద రోడ్డు వదిలి గట్టు మీదికి తిరిగేసరికి బడి వదిలే వేళైంది.

గట్టు మలుపు దగ్గర పిల్లలు కనిపించారు. పేట పిల్లలు, హైస్కూలు నుంచి ఇంటికి వస్తున్నారు. వాళ్ళ ముందు కరుణ నడుస్తోంది. చేతిలో అత్తయ్య గొడుగు ఉంది. మడిచి పట్టుకుంది. అత్తయ్య ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి కరుణే వాళ్ళని తీసుకెళ్ళి తీసుకొస్తోందని నాకు తెలియదు. ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

వ్యాను డ్రైవరుకి ఆ ఊరు కొత్త. హారను కొట్టాడు.

"దిగండి, దిగండి. గట్టు దిగండి," అంది కరుణ.

పిల్లలు తడి గడ్డిలోకి దిగి వరసగా నిలబడ్డారు. వ్యానులో ఎవరున్నారో వాళ్ళకి తెలుసు. ఒక పాప చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. కరుణ వాళ్ళ ముందు నిలబడి చెయ్యి బారుగా చాచింది. వ్యాను ఆమె వేళ్ళని రాసుకున్నంత దగ్గరగా మెల్లిగా కదిలింది. నేను అద్దం కిందికి దించాను. కరుణా అనాలనుకున్నాను. 

ఆమె కళ్ళు పెట్టె మీదున్నాయి. నన్ను చూడలేదు.

కొంత దూరం వెళ్ళాక వెనక అద్దంలోంచి చూశాను. పిల్లలు ఇంకా గట్టు కిందే ఉన్నారు. గడ్డిలో వాళ్ళ కాళ్ళు కనబడటం లేదు. కరుణ చాచిన చెయ్యి ఇంకా దించలేదు. ఎందుకో ముందు అర్థం కాలేదు. మలుపులో పసుపుపచ్చ రంగు కనిపించింది. మా వెనకే కాన్వెంటు బస్సు వస్తోంది.